గై గిబ్సన్: సిమ్లాలో పుట్టి, 26 ఏళ్లకే నేలకొరిగిన బాంబరు పైలట్

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళానికి అత్యంత కీర్తి తెచ్చిన బాంబరు పైలట్ పుట్టింది ఇంగ్లండ్‌లో కాదు, హిమాలయ సానువుల్లోని సిమ్లాలో. పేరు గై పెన్‌రోజ్ గిబ్సన్. జననం 1918 ఆగస్టు 12. మొదటి ప్రపంచయుద్ధం ముగియడానికి అప్పటికి దాదాపు మూడు నెలలుంది. ఐరోపాలో మరో మహాయుద్ధం ముగియడానికి దాదాపు ఎనిమిది నెలల ముందు, 1944 సెప్టెంబరు 19 రాత్రి, ఆయన నెదర్లాండ్స్‌లోని ఒక పొలంలో విమానంతో సహా కూలి మరణించారు. రెండు యుద్ధాల అంచుల నడుమ ఇమిడిపోయిన ఆ జీవితం 26 ఏళ్లు మాత్రమే.

తండ్రి అలెగ్జాండర్ జేమ్స్ గిబ్సన్ నాటి ఇంపీరియల్ ఫారెస్ట్ సర్వీసు ఉద్యోగి. 1922 నాటికి సిమ్లా కొండ సంస్థానాల అడవులకు ముఖ్య సంరక్షణాధికారి అయ్యారు. తల్లి నోరా ఇంగ్లండ్ నైరుతి కొనలోని కార్న్‌వాల్ తీరవాసి, ఓడ నడిపే నావికుడి కుమార్తె. భర్త కన్నా వయసులో చాలా చిన్నది. ఒక అన్న, ఒక అక్క తరువాత గై మూడో బిడ్డ. నౌకర్లు, ఆయాలు, గుర్రపుస్వారీలు, వేసవి విందులు గల సిమ్లా జీవితం బయటికి వైభవంగానే కనిపించేది. ఇంట్లో మాత్రం దాంపత్యం నిలవలేదు. 1924లో భార్యాభర్తలు విడిపోయారు. తల్లి ముగ్గురు పిల్లలనూ వెంటబెట్టుకొని ఓడెక్కింది. అప్పటికి గైకి ఆరేళ్లు. సిమ్లా దేవదారు వనాలతో అతని అనుబంధం అంతటితో తెగిపోయింది.

వలస పాలనాధికారుల పిల్లల్లో చాలామందికి ఇదే అనుభవం. భారతదేశంలో పుట్టడం, ఆరేడేళ్లకే చల్లని ఇంగ్లిష్ వసతి పాఠశాలలో చేరడం, సెలవుల్లో బంధువుల ఇళ్లలో గడపడం. గై విషయంలో మరో కష్టం తోడైంది. ఒంటరితనంలో తల్లి మద్యానికి బానిసైంది. కొడుకు చదువు ఇంటికి దూరంగానే సాగింది. మొదట ఫోక్‌స్టన్‌లో, 1932 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ ఎడ్వర్డ్స్ పాఠశాలలో. రెండు కాళ్లూ పోగొట్టుకొని కూడా యుద్ధవిమానం నడిపిన డగ్లస్ బేడర్ చదివిందీ అక్కడే. గై చదువులోనూ ఆటల్లోనూ అసాధారణుడేమీ కాదు. పొట్టివాడు, పట్టుదల గలవాడు, తలపెట్టిన పని వదలనివాడు.

విమానాలు పరీక్షించే పైలట్ కావాలన్నది అతని కోరిక. విమానాల తయారీ సంస్థ విక్కర్స్‌లో ప్రధాన పరీక్షా పైలట్‌గా ఉన్న మట్ సమ్మర్స్‌కు ఉత్తరం రాశాడు. ముందు వైమానిక దళంలో చేరి ఎగరడం నేర్చుకోమని ఆయన సలహా ఇచ్చారు. దరఖాస్తు పెడితే మొదటిసారి తిరస్కరించారు. కాళ్ల పొడవు చాలదన్నది కారణంగా చెబుతారు. రెండోసారి తీసుకున్నారు. 1937 జనవరిలో స్వల్పకాలిక కమిషన్ దక్కింది. ఇక్కడొక విషయం గుర్తుంచుకోవాలి. అతడు సైన్యంలో చేరింది యుద్ధం చేయాలని కాదు, విమానం నడపడం నేర్చుకొని నాలుగేళ్లలో బయటపడి పౌర ఉద్యోగం చూసుకోవాలని. యుద్ధం రాకపోయి ఉంటే గై గిబ్సన్ పేరు ఏదో విమాన కర్మాగారం జీతాల పుస్తకంలో మిగిలేదేమో.

శిక్షణ ముగిశాక బాంబర్లు నడిపే 83వ స్క్వాడ్రన్‌లో చేరారు. 1939 సెప్టెంబరు 3న, యుద్ధం ప్రకటించిన రోజునే, హ్యాంప్‌డెన్ విమానంలో జర్మనీ నౌకలపై దాడికి బయలుదేరిన కొద్దిమందిలో ఆయన ఒకరు. వాతావరణం అనుకూలించక, లక్ష్యం కనబడక అందరూ తిరిగివచ్చారు. తొలి పర్యటనలో ఫలితమేమీ లేదు. ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజు తల్లి నోరా విద్యుత్ హీటరు నుంచి దుస్తులకు నిప్పంటుకొని కాలిన గాయాలతో మరణించింది. అదే డిసెంబరులో కవెంట్రీ నగరంలో నాటక ప్రదర్శన చూడబోయి ఈవ్ మూర్ అనే నటిని కలిశారు. ఆమె ఆయన కన్నా ఏడేళ్లు పెద్ద. 1940 నవంబరు 23న వేల్స్‌లోని పెనార్త్‌లో వారి పెళ్లి జరిగింది.

ఆ మధ్య సాగిన 1940 సంవత్సరమే గిబ్సన్‌ను తీర్చిదిద్దింది. హ్యాంప్‌డెన్ ఇరుకైన విమానం. నలుగురు సిబ్బంది ఒకరి వెనుక ఒకరు ఇరుక్కొని కూర్చోవాలి. పైలట్ సీటులోంచి లేస్తే ఆ చోటికి మరొకరు రావడం దాదాపు అసాధ్యం. అటువంటి విమానంలో జర్మన్ రేవుల దగ్గర సముద్రంలో మందుపాతరలు జారవిడవడం, ఓడలపై దాడి చేయడం, రూర్ లోయ కర్మాగారాలపై రాత్రివేళ బాంబులు వేయడం నిత్యకృత్యమైంది. దారి చూపే రాడార్ పరికరాలు అప్పటికింకా లేవు. చంద్రకాంతిలో మెరిసే నదుల ఆధారంగా దిక్కు పోల్చుకోవలసి వచ్చేది. యుద్ధారంభంలో తనతో ఉన్న స్నేహితులు ఒక్కొక్కరే మాయమవుతుంటే భోజనశాలలో కొత్త ముఖాలు నిండసాగాయి. ఏడాది తిరిగేసరికి ఆ స్క్వాడ్రన్ పాతకాపులలో మిగిలిన అతికొద్దిమందిలో ఆయన ఒకరయ్యారు. ప్రాణం మిగలడంలో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అన్న లెక్క ఆ రోజుల్లో ఏ పైలటూ వేసుకునేవాడు కాదు.

బాంబరు పైలట్లకు ఒక విడత దాడులు పూర్తయ్యాక శిక్షణ కేంద్రంలో బోధకుడిగా విశ్రాంతి ఇచ్చేవారు. ఆ విశ్రాంతి గిబ్సన్‌కు రుచించలేదు. రాత్రివేళ శత్రు బాంబర్లను వేటాడే 29వ స్క్వాడ్రన్‌కు మారి, బ్యూఫైటర్ విమానంలో సుమారు వంద పర్యటనలు చేశారు. 1942 వసంతంలో, ఇంకా 24 నిండకముందే, వింగ్ కమాండర్ హోదాలో 106వ స్క్వాడ్రన్ పగ్గాలు అందుకున్నారు. నాలుగు ఇంజన్ల లాంకాస్టర్ బాంబర్లు ఆ స్క్వాడ్రన్‌కు చేరింది ఆయన హయాంలోనే.

ఆ పదవిలో ఆయన అందరికీ నచ్చిన మనిషి కాదు. తనతో సమానంగా ఎగిరే అధికారులతో విందుల్లో పాల్గొనేవారు, కేకలు వేసేవారు, నవ్వేవారు. విమానాలు బాగుచేసే కింది సిబ్బందితో మాత్రం బిగుసుకుపోయేవారు. చిన్న తప్పుకు పెద్ద శిక్ష వేస్తారన్న పేరుంది. వెనుకంజ వేసినవారిపై జాలి చూపేవారు కాదు. అయితే అందరూ ఒప్పుకునేది ఒకటుంది. ప్రమాదకరమైన లక్ష్యం వచ్చిన రాత్రి కమాండర్ కార్యాలయంలో కూర్చోరు, ముందు విమానంలో తానే ఉంటారు. కింది ఉద్యోగుల ప్రేమ పొందలేని నాయకుడికి విధేయత ఎలా దక్కిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

1943 మార్చి మధ్యకు ఆయన విడత దాడులు మళ్లీ పూర్తయ్యాయి. సెలవు రావలసిన సమయంలో పై అధికారి రాల్ఫ్ కాక్రన్ పిలిచి, ఇంకొక్క దాడికి సిద్ధమేనా అని అడిగారు. లక్ష్యమేమిటో చెప్పలేదు. గిబ్సన్ సరేనన్నారు. ఆ విధంగా స్కాంప్టన్ వైమానిక స్థావరంలో 617వ స్క్వాడ్రన్ పుట్టింది. బాంబు రూపకర్త, ఇంజనీరు బార్న్స్ వాలిస్‌ను కలవడానికి వెళ్లినప్పుడు విచిత్రమైన చిక్కు ఎదురైంది. రహస్యం తెలియడానికి అనుమతి ఉన్నవారి జాబితాలో గిబ్సన్ పేరు లేదు. అందుచేత బాంబు ఎలా పనిచేస్తుందో వాలిస్ వివరించారే గాని, దాన్ని దేనిమీద వేయాలో చెప్పలేకపోయారు. దాడికి నాయకుడు ఎవరో తేలింది, దాడి ఎక్కడో ఆ నాయకుడికే తెలియదు. కొన్ని రోజుల తరువాత ఆనకట్టల నమూనాలు చూపించాక గాని విషయం బోధపడలేదు.

చెరువు గట్టున నిలబడి పిల్లలు చిల్లపెంకు విసిరితే అది నీటిమీద కప్పగంతులు వేస్తూ పోతుంది. వాలిస్ బాంబు సూత్రం స్థూలంగా అంతే. ఆనకట్టకు ముందు నీటిలో ఇనుప వలలు కట్టి ఉంటాయి గనుక టార్పెడోలు పనికిరావు. పైనుంచి వేసే బాంబు గురి తగలదు. పీపా ఆకారంలో, 4 టన్నులకు పైగా బరువుండే ఈ బాంబును విమానం కిందే నిమిషానికి 500 చుట్లు వెనక్కి తిప్పి వదిలితే, వలలను దాటుకుంటూ గంతులు వేసి ఆనకట్ట గోడను తాకుతుంది. వెనక్కి తిరుగుతూ ఉండడం వల్ల గోడను అంటిపెట్టుకొనే నీటిలోకి దిగి, నిర్ణీత లోతులో పేలుతుంది. అప్పుడు చుట్టూ ఉన్న నీరే పేలుడు బలాన్ని గోడవైపు నెడుతుంది.

ఇదంతా జరగాలంటే విమానం నీటికి సరిగ్గా 60 అడుగుల ఎత్తున, గంటకు దాదాపు 370 కిలోమీటర్ల వేగంతో, రాత్రిపూట ఎగరాలి. అంత తక్కువ ఎత్తును కొలిచే పరికరం నమ్మదగింది లేదు. విమానం కింద రెండు దీపాలు బిగించి, వాటి వెలుగు మచ్చలు నీటిపై ఒకదానినొకటి తాకే ఎత్తే 60 అడుగులని నిర్ణయించారు. బాంబు వదిలే దూరం తెలియడానికి చెక్క ముక్కకు రెండు మేకులు కొట్టి, ఆనకట్ట మీది రెండు బురుజులు ఆ మేకుల వరుసలోకి రాగానే మీట నొక్కాలన్నారు. ఒక మహాసైన్యం అతి రహస్య ఆయుధం చివరకు వడ్రంగి పనితనం మీద ఆధారపడింది. కొత్త స్క్వాడ్రన్‌కు దొరికిన సాధన సమయం ఎనిమిది వారాలకు మించలేదు.

దాడికి ముందురోజు సాయంత్రం గిబ్సన్ పెంచుకున్న నల్ల లాబ్రడార్ కుక్క స్థావరం గేటు దగ్గర కారు కింద పడి చచ్చిపోయింది. విషయం సిబ్బందికి పొక్కితే అపశకునమనుకుంటారని దాచిపెట్టారు. తాను లక్ష్యం మీద ఉండే అర్ధరాత్రి వేళకే దాన్ని పాతిపెట్టమని గిబ్సన్ చెప్పి వెళ్లారు. ఆ కుక్కకు ఆయన పెట్టిన పేరు నల్లజాతివారిని కించపరిచే మాట. మోనే ఆనకట్ట కూలిందని రేడియోలో తెలిపే సంకేతపదం కూడా అదే. ఆ కాలపు ఇంగ్లిష్ భోజనశాలల్లో అది ఎవరికీ తప్పుగా తోచలేదు. 2020లో స్కాంప్టన్‌లోని సమాధి పలకను మార్చి, ఆ పేరు లేకుండా కొత్తది పెట్టారు.

1943 మే 16 రాత్రి 19 లాంకాస్టర్లలో 133 మంది బయలుదేరారు. గిబ్సన్ నడిపిన తొమ్మిది విమానాల బృందం ముందుగా రూర్ ప్రాంతంలోని మోనే ఆనకట్టను చేరింది. మొదటి బాంబు ఆయనదే. గోడ చెక్కుచెదరలేదు. రెండోది ఆయన పాత స్క్వాడ్రన్ నుంచి వెంట వచ్చిన 21 ఏళ్ల మిత్రుడు జాన్ హాప్‌గుడ్‌ది. బురుజుల మీది ఫిరంగుల దెబ్బకు ఆ విమానం మంటల్లో చిక్కుకొని ఆనకట్టకు అవతల కూలిపోయింది. మూడో విమానం మిక్కీ మార్టిన్‌ది. అది గురివైపు దూసుకొస్తుండగా గిబ్సన్ చేసిన పనే విక్టోరియా క్రాస్‌కు అర్హత తెచ్చిందని చెప్పాలి. తన బాంబు అయిపోయింది, ఇక అక్కడ తనకు పని లేదు. అయినా మార్టిన్ పక్కనే ఎగురుతూ ఫిరంగుల గురి తనవైపు తిప్పుకున్నారు. తరువాతి విమానాలకూ అలాగే అండగా నిలిచారు. అయిదో బాంబు పేలాక గోడ పగిలింది. అక్కడి నుంచి బాంబులు మిగిలిన విమానాలతో ఎడర్ ఆనకట్టకు వెళ్లారు. కొండల నడుమ ఇరుకు లోయలో ఉన్న ఆ ఆనకట్టకు ఫిరంగుల కాపలా లేదు, కొండలే కాపలా. పదేపదే ప్రయత్నించాక చివరి బాంబుతో అదీ కూలింది. మట్టికట్ట అయిన జోర్పే ఆనకట్ట మాత్రం నిలిచింది.

తెల్లవారేసరికి ఎనిమిది విమానాలు తిరిగిరాలేదు. 53 మంది మరణించారు, ముగ్గురు బందీలయ్యారు. తన ఆలోచన ఇంతమంది యువకుల్ని బలిగొన్నదని వాలిస్ కుమిలిపోయారు. గిబ్సన్ నిద్రలేమితోనే కార్యాలయంలో కూర్చొని, తిరిగిరాని 56 మంది కుటుంబాలకు వెళ్లవలసిన ఉత్తరాలపై సంతకాలు చేశారు. వాటిని ఒకే మూసలో టైపు చేయించి పంపకుండా, ఒక్కొక్కరి గురించి వేర్వేరుగా రాయించారు. సిబ్బంది పట్ల కఠినుడన్న పేరున్న మనిషి నుంచి వచ్చిన ఉత్తరాలవి.

ఆనకట్టల కింద జరిగినదాని గురించి బ్రిటన్‌లో చాలాకాలం తక్కువ మాట్లాడారు. మోనే జలాశయం నుంచి వెల్లువెత్తిన నీరు దిగువ లోయలోని నైహైమ్ పట్టణం దగ్గర నిర్బంధ కార్మికుల శిబిరాన్ని ముంచేసింది. సోవియట్ దేశం నుంచి బలవంతంగా పట్టుకొచ్చిన స్త్రీలు వందల సంఖ్యలో అందులో కొట్టుకుపోయారు. ఆ రాత్రి నీటిలో మరణించినవారు మొత్తం 1,300 నుంచి 1,600 మంది వరకు ఉంటారని అంచనా. వారిలో సగానికి పైగా జర్మన్లు కారు, జర్మనీ చెరలో ఉన్నవారు. ఎవరిని విడిపించడానికి యుద్ధం జరుగుతోందో వారే ముందుగా మునిగారు. ఆనకట్టలను జర్మన్లు అదే ఏడాది శరత్కాలానికి తిరిగి కట్టేశారు. కాకపోతే ఆ పనికి వేలాది కూలీలను ఇతర రక్షణ నిర్మాణాల నుంచి మళ్లించవలసి వచ్చింది. దాడి ఫలితం ఎంత అన్నదానిపై సైనిక చరిత్రకారులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. జనం మునిగిపోతారన్న ఆలోచన ముందుగా తమకు తట్టలేదని, సామూహిక మరణాలకు కర్త కావడం ఎవరికీ ఇష్టముండదని గిబ్సన్ తరువాత తన రచనలో ఒప్పుకున్నారు. 25 ఏళ్ల వయసులో, యుద్ధం మధ్యలో, ఆ మాత్రం రాయడం చిన్న విషయం కాదు. 1977లో జెనీవా ఒప్పందాలకు చేర్చిన అదనపు ప్రోటోకాల్‌లోని 56వ అధికరణం, పౌరులకు భారీ ప్రాణనష్టం కలిగే పక్షంలో ఆనకట్టలపై దాడిని నిషేధించింది.

ఆ వేసవిలో గిబ్సన్ దేశమంతా తెలిసిన ముఖమయ్యారు. విక్టోరియా క్రాస్‌తో కలిపి అప్పటికి అయిదు శౌర్య పురస్కారాలు ఆయన ఛాతీమీద ఉన్నాయి. ఇంత విలువైన మనిషిని ఇక దాడులకు పంపకూడదని ప్రభుత్వం భావించింది. ఆగస్టులో ప్రధాని చర్చిల్ పరివారంతో క్వీన్ మేరీ ఓడలో కెనడాకు పంపారు. అక్కడా, అమెరికాలోనూ నెలల తరబడి సభలు, విందులు, పత్రికా సమావేశాలు. కాల్గరీ నగరంలో తన విమానపు నావిగేటరు టెరీ టేరమ్ తల్లిని కలుసుకున్నారు. కొడుకు బాగున్నాడన్న మాట ఆమెకు ఆ సమయానికి నిజమే. కొద్దిరోజులకే, సెప్టెంబరు 15 రాత్రి, కొత్త కమాండర్ జార్జ్ హోల్డెన్ నడిపిన విమానం జర్మనీలో కూలింది. టేరమ్‌తో పాటు ఆనకట్టల రాత్రి గిబ్సన్ వెంట ఉన్న మరో ముగ్గురు అందులో మరణించారు. మిగిలిన ఇద్దరూ 1944 మార్చి ముగిసేలోగా వేర్వేరు విమానాల్లో పోయారు. ఆ రాత్రి లాంకాస్టర్‌లో తనతో కూర్చున్న ఆరుగురిలో ఒక్కరూ లేరు. గిబ్సన్ మిగిలారు, అదీ వేదికల మీద.

ఆయన తదుపరి ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి ఈ వాస్తవం చాలునని అనిపిస్తుంది. వైమానిక మంత్రిత్వశాఖలో కూర్చోబెట్టి పుస్తకం రాయమంటే రాశారు. కన్సర్వేటివ్ పార్టీ మాకిల్స్‌ఫీల్డ్ స్థానానికి అభ్యర్థిగా ఎంచుకుంటే ఒప్పుకున్నారు, కొన్ని నెలలకే వదులుకున్నారు. దాంపత్యంలోనూ దూరం పెరిగింది. స్టాఫ్ కాలేజీ చదువు ముగించి స్థావర కార్యాలయ ఉద్యోగంలో చేరారు. నార్మండీలో మిత్రసేనలు దిగాయి, యుద్ధం తాను లేకుండానే ముగిసేలా ఉంది. మళ్లీ ఎగరనివ్వమని కనిపించిన ప్రతి పై అధికారినీ వేధించసాగారు.

1944 సెప్టెంబరు 19న జర్మనీలోని మన్‌షెన్‌గ్లాడ్‌బాక్, రైట్ పట్టణాలపై దాడికి కంట్రోలరుగా వెళ్తానని ఆయనే ముందుకొచ్చారు. దాడి చేసే బాంబర్లకు పైనుంచి రేడియోలో గురి సూచించడం కంట్రోలరు పని. దానికి వాడే మస్కిటో రెండింజన్ల తేలిక విమానం, దాన్ని నడిపిన అనుభవం ఆయనకు చాలా తక్కువ. నావిగేటరుగా కూర్చున్న 23 ఏళ్ల జిమ్ వార్విక్ స్థావరంలో నావిగేషన్ అధికారి. వారిద్దరూ కలిసి దాడికి వెళ్లడం అదే మొదలు. బయలుదేరేముందు తనకు కేటాయించిన విమానం కాదని మరొకటి తీసుకున్నారు. తిరుగుదారిలో ఎత్తులో, క్షేమమైన మార్గంలో రమ్మన్న సలహాను పక్కనపెట్టి, హాలండ్ మీదుగా తక్కువ ఎత్తులో వస్తానన్నారు. దాడిలో గుర్తు దీపాలు అనుకున్నట్టు పడక గందరగోళం ఏర్పడినా, ప్రశాంత స్వరంతో సూచనలిచ్చి పని ముగించారు. ఆ తరువాత రేడియోలో ఆయన గొంతు వినబడలేదు.

రాత్రి పదిన్నర ప్రాంతంలో దక్షిణ నెదర్లాండ్స్‌లోని స్టేన్‌బెర్గెన్ ఊరివాళ్లు తక్కువ ఎత్తులో తిరుగుతున్న విమానం చప్పుడు విన్నారు. ఇంజన్లు తడబడ్డాయి, మంట కనిపించింది, పొలంలో కూలింది. గుర్తింపు బిళ్లను బట్టి వార్విక్ పేరు తెలిసింది. రెండో వ్యక్తి ఎవరో మొదట తెలియలేదు. దొరికిన ఒక మేజోడు మీద చాకలి గుర్తుగా రాసిన పేరు గిబ్సన్. ఐరోపా అంతటా పత్రికల్లో ముఖం పడిన మనిషి చివరకు ఒక మేజోడు మీది అక్షరాల వల్ల పోల్చుకోబడ్డారు.

ఎందుకు కూలింది? ఇంధనపు తొట్టెలు మార్చే మీట విషయంలో అలవాటు లేని ఇద్దరూ పొరబడి ఉంటారని కొందరు, శత్రు విమానం కూల్చిందని కొందరు, చీకట్లో మస్కిటోను జర్మన్ విమానమనుకొని సొంత లాంకాస్టర్ తుపాకీదారే కాల్చాడని ఇంకొందరు వాదిస్తారు. ఏ వాదనకూ తిరుగులేని సాక్ష్యం లేదు. మొదటి వాదనలోని అలవాటు లేమి మాత్రం అందరూ ఒప్పుకునే విషయమే.

పుస్తకం 1946లో అచ్చయింది. మైఖేల్ ఆండర్సన్ దర్శకత్వంలో 1955లో వచ్చిన చలనచిత్రంలో రిచర్డ్ టాడ్ గిబ్సన్ పాత్ర ధరించారు. ఇప్పుడు చాలామంది గిబ్సన్ అనగానే తలచుకునేది ఆ ముఖాన్నే. ఆ చిత్రంలో నైహైమ్ శిబిరం లేదు. 1944 సెప్టెంబరు కూడా లేదు.

జర్మన్ ఆక్రమణలో ఉండగానే స్టేన్‌బెర్గెన్ ప్రజలు ఇద్దరినీ ఊరి కాథలిక్ శ్మశానంలో పక్కపక్కనే ఖననం చేశారు. యుద్ధానంతరం ఊళ్లోని వీధులకు వారి పేర్లు పెట్టారు. ఒకటి గిబ్సన్ వీధి, ఇంకొకటి వార్విక్ వీధి, మరొకటి మస్కిటో వీధి.